వినే పెట్టె

గొట్టం నోట్లో పెట్టుకుని ఒక గుక్క మింగాక గానీ ధువాన్‌కి అసలు సంగతి బుర్రకెక్కలేదు.

సారా జాడీకి అవతలి పక్క కూర్చున్న బ్లువె మామ అప్పటికే ఒళ్ళోని గుడ్డ మూట విప్పుతున్నాడు. అందులోంచి రెండు కంచు కడియాలు తీసి, చాప మీది పళ్ళెంలో పెట్టాడు. ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి.

"ఇదేంటి మామా?" అన్నాడు ధువాన్.

"కడియాలు. ఎప్పుడూ చూళ్ళేదా? నీ పెళ్ళికి పళ్ళెం పట్టుకుంది నేనే."

"కొత్త కాఫీ కాయలకి విప్పిన జాడీ అనుకున్నాను."

"నేనన్నానా కొత్త కాయల జాడీ అని? పోనీ, మీ అత్తందా?"

ఎవరూ అనలేదు. అతనూ అడగలేదు. మా ఇళ్ళల్లో జాడీ విప్పితే ముందు అడగాల్సిన మాట ఒకటే, దేనికి విప్పారని. ఇంటి ఆడది చేతికిచ్చిన గొట్టం నోట్లో పెట్టుకున్నాక, విప్పిన పని తేలేదాకా మగాడు చాప మీంచి లేవకూడదు. లేస్తే ఆ ఇంటిని నలుగురిలో తిట్టినట్టే. పాలు మానని పిల్లలకి కూడా తెలిసిన ఈ ముక్క, పెట్టెలకి వినడం నేర్పే మేధావికి ఆ పొద్దున గుర్తుకు రాలేదు. పట్నం పోవాలన్న హడావుడిలో భుజానికి సంచీ తగిలించుకుని మెట్ల వైపు నడుస్తుంటే, అత్త నవ్వుతూ గొట్టం చాపింది. ఒక గుక్క తాగేసి దిగిపోదామనుకున్నాడు. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పుడా అత్త ముందు మెట్ల తల దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వెనక మెట్లకి అడ్డంగా కాఫీ బస్తాలు. అత్త కాళ్ళు దాటి ఇల్లు దిగిన అల్లుడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"పొయ్యవే నీళ్ళు," అంది అత్త మ్రాక్, చిన్నకూతురితో.

బియా దున్నకొమ్ముతో నీళ్ళు ముంచి జాడీ నిండా పోసింది. తాగిన మేరకు నీళ్ళు నింపడం ఇంట్లో చిన్న ఆడపిల్ల పని. తన పెళ్ళి జాడీకి తనే నీళ్ళు పోస్తోందని ఆమె తప్ప అక్కడెవరూ అనుకున్నట్టు లేదు.

ధువాన్ జేబులో ఫోను వణికింది. అతను తియ్యలేదు.

"మోగుతోందిగా, తియ్యి," అంది మ్రాక్.

"కొంగ్ అత్తా. పట్నంలో ట్రాఫిక్ సిగ్నళ్ళు చూసే అబ్బాయి. ఈ పూట కూడలి దగ్గరికి రమ్మన్నాడు. ఈ ఒక్క పూటే ఒప్పుకున్నారు పైవాళ్ళు. మళ్ళీ ఎప్పుడంటే ఎవరూ చెప్పలేరు."

"వెళ్ళు మరి. వద్దన్నదెవరు? కడియం ముట్టుకో, వెళ్ళు."

ధువాన్ పళ్ళెం వంక చూశాడు. తర్వాత బియా వంక చూశాడు. ఆమె కొమ్ములోకి చూస్తోంది.

"ఆమె పోయి నాలుగు నెల్లు కూడా కాలేదత్తా."

"నాకు చెబుతున్నావా లెక్క?" అంది మ్రాక్. "కన్నది నేను."

కింద వాకిట్లో కాఫీ ఎండబెట్టే డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు నేల చెక్కల సందుల్లోంచి వస్తోంది. గింజలు ఇంకా తడిగా ఉన్నాయి, బొదబొదమంటున్నాయి.

"సంచీలో ఏముంది?" అంది మ్రాక్ ఉన్నట్టుండి.

"పెట్టె."

"ఎవరిది?"

ధువాన్ సంచీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"డ్రమ్ము నుంచి ఊడదీశావు కదూ? నా పొయ్యి ముందు నేనుండగానే. గింజలు లోపల తిరుగుతుండగానే. ఎప్పుడాగాలో ఇప్పుడు దానికెవడు చెబుతాడు? నీ కొంగ్ చెబుతాడా?"

అక్కడ అత్త అన్నది నిజం. ధువాన్ పాత ఇనప డ్రమ్ముకి మోటారు కట్టి, కిందినుంచి వెచ్చని గాలి ఊదే ఏర్పాటు చేసినప్పటి నుంచీ ఆ ఇంట్లో వాకిట్లో కాఫీ పరిచే పని తప్పింది. తోలు వొలిచిన గింజలు జిగురుతోనే అందులో తిరుగుతూ ఎండుతాయి. వానకి పరుగెత్తక్కర్లేదు, కోళ్ళని తోలక్కర్లేదు. చిక్కల్లా ఎప్పుడు ఆపాలన్నదే. ముందే ఆపితే బూజు పడుతుంది. ఆలస్యంగా ఆపితే మిల్లులో పిండైపోతుంది. ఆ సంగతి మోతని బట్టి పట్టగలిగేది ఇంట్లో మ్రాక్ ఒక్కతే. బొదబొద పోయి గలగల మొదలయ్యే క్షణం ఆమె చెవికి తెలుస్తుంది.

అందుకని ధువాన్ ఒక చిన్న పెట్టె చేసి డ్రమ్ము పక్కన బిగించాడు. పోయిన కోతలకాలమంతా మ్రాక్ దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది. మోత సరిపోయిందనిపించినప్పుడల్లా పెట్టె మీది మీట నొక్కింది. నొక్కగా నొక్కగా పెట్టెకి ఆమె చెవి పట్టుబడింది. ఇప్పుడు మోత మారగానే పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుంది, మోటారు దానంతటదే ఆగుతుంది. ఈ కోతలకి చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి నోరు వెళ్ళబెట్టుకుని చూసిపోయారు.

"ఆ పెట్టెలో ఉన్నది నా చెవి," అంది మ్రాక్. "నా చెవి కోసి సంచీలో వేసుకుని పోతుంటే నేను గొట్టం అందించకుండా ఇంకేం చెయ్యను?"

బ్లువె మామ గొంతు సవరించుకున్నాడు. ఆయన మ్రాక్ తమ్ముడు. ఆ ఇంటి మాట బయటికి చెప్పాల్సిన మేనమామ ఆయనే. చెప్పే హక్కు ఆయనది, మాట మాత్రం అక్కది. పాతికేళ్ళుగా ఆ తేడా ఎవరూ ఎత్తిచూపకుండా నెట్టుకొస్తున్నాడు.

"అల్లుడూ, నీకు తెలియందేం కాదు, అయినా చాప మీద చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఈ ఇంటి బిడ్డ పోయింది. ఆమె చోటు ఖాళీగా ఉంచం. చెల్లెలు ఆ చోటుకొస్తుంది. నువ్వు వద్దంటే, వచ్చేటప్పుడు తెచ్చుకున్న కత్తీ కంబళీ తీసుకుని దిగిపో. నీ చేత్తో చేసిందేదైనా ఈ ఇంటిదే. లీన్ ఈ ఇంటి బిడ్డ, ఇక్కడే ఉంటుంది."

"మరి నేనొద్దంటే?" అంది బియా.

అందరూ ఆమె వైపు తిరిగారు. కొమ్ములోంచి నీళ్ళు చాప మీద కారుతున్నాయి.

"నువ్వెందుకు వద్దంటావే?" అన్నాడు మామ.

"అడుగుతున్నాను మామా. చాప మీద చెప్పాలి కాబట్టి చెప్పు."

మామ అక్క వంక చూశాడు. మ్రాక్ తలెత్తలేదు. "చెప్పు, చెప్పు," అంది.

"నువ్వొద్దంటే తప్పు ఈ ఇంటిదవుతుంది. ఊరందరి ముందూ దున్నపోతుని దండుగ కట్టి మీ అమ్మ తప్పు ఒప్పుకోవాలి. డ్రమ్ము, పెట్టె అతను పట్టుకుపోతాడు. పిల్ల ఎక్కడుండాలో అతనే చెబుతాడు." కాస్త ఆగి అన్నాడు. "అప్పుడు మీ అమ్మకి ఈ ఇంట్లో మిగిలేది మెట్లే."

ఉచ్చంటే అది. ధువాన్ వద్దంటే బిడ్డ పోతుంది. బియా వద్దంటే తల్లి పోయినట్టే. ఇద్దరికీ ఇష్టం లేదు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళ నెత్తి మీద పిడుగు. పదేళ్ళ వయసులో సైకిలు నేర్పిన బావ పక్కన మొగుడనుకుని ఎలా పడుకోవాలో బియాకి ఊహకందడం లేదు. కోతలవగానే పట్నం పోయి అంబులెన్సు మీద పనికి చేరాలని ఆమె ఎప్పుడో ఒప్పుకుని వచ్చింది. ఆ మాట ఇంట్లో బావకొక్కడికే తెలుసు.

లీన్ ఎక్కడినుంచో వచ్చి బియా వీపు మీద వాలింది. అయిదేళ్ళ పిల్ల. చేతిలో కాల్చిన అరటిపండు, మూతి చుట్టూ బూడిద.

"పిన్నీ, నిన్ను రేపట్నుంచి అమ్మా అని పిలవాలంట. మామ తాతయ్య చెప్పాడు."

"పోయి ఆడుకో," అంది బియా.

"మరి అమ్మనేమని పిలవాలి?"

ధువాన్ గొట్టం వదిలేశాడు.

* * *

ఫోను మళ్ళీ వణికింది. ఈసారి ధువాన్ తీశాడు. అవతల కొంగ్ గొంతు అందరికీ వినపడేంత గట్టిగా ఉంది.

"అన్నా, ఎక్కడున్నావు? బండి వచ్చి నిలబడింది. డ్రైవరు ఒక్కసారే మోగిస్తానంటున్నాడు. పేషెంటు లేకుండా మోగిస్తే ఆయనకి మాట వస్తుందంట. పెద్దసారు ఇంకాసేపే ఉంటాడు. ఒక్కసారన్నా, ఒక్కసారి వెలిగితే చాలు, మిగతా కూడళ్ళకి నేను అడుగుతాను. వస్తున్నావు కదా?"

"వస్తున్నాను," అని పెట్టేశాడు ధువాన్.

"ఏ బండి?" అంది మ్రాక్.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అదే బండి అత్తా."

మ్రాక్ చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

వానల్లో ఆ బండిలోనే జువెన్‌ని తీసుకెళ్ళారు. బియా అక్కయ్య, ధువాన్ పెళ్ళాం. కడుపులో బిడ్డ నిలవలేదు, నెత్తురు ఆగలేదు. అంబులెన్సు ఊళ్ళోకి తొందరగానే వచ్చింది, పట్నం దాకా తొందరగానే పోయింది. మార్కెట్ కూడలి దగ్గర ఆగింది. కొత్త జరిమానాలొచ్చాక మా పట్నంలో ఎర్రదీపం దాటే మొనగాడు లేడు. వెనక అంబులెన్సు గొంతు చించుకున్నా సరే, తెల్లగీత మీద చక్రం పెట్టరు. పైన కెమెరా చూస్తుంటుంది. మనిషి చావుబతుకుల్లో ఉన్నాడని కెమెరాకి ఎవరు చెబుతారు?

"నేను దిగి వెళ్ళి అద్దాలు కొట్టానమ్మా," అంది బియా. ఆ మాట ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పనూ లేదు. "దణ్ణం పెట్టాను. ఒకాయన దీపం చూపించాడు, ఎర్రగా ఉంది కదమ్మా అని. చెడ్డవాడేం కాదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. కదల్లేదంతే. బావ చేసిన పెట్టె అక్కడ ఉంటే, మోత వినగానే దీపం పచ్చగా మారేది. అందరూ వాళ్ళంతట వాళ్ళే కదిలేవాళ్ళు. గింజల మోత విన్నట్టే. అంతే కదా అందులో ఉన్నది? ఎందుకాపుతావు?"

"ఎందుకా?"

మ్రాక్ లేచి నిలబడింది. మెట్ల తల ఖాళీ అయింది గానీ, ధువాన్ కదల్లేదు.

"ఆ పెట్టె పనిచెయ్యకపోతే నా బిడ్డ రాత బాగాలేక పోయిందని ఏడ్చుకుంటాను. అది ఏదో ఒకనాటికి తగ్గే ఏడుపు. పనిచేసిందనుకో. అప్పుడు నా బిడ్డ దేనికి పోయింది? నా వాకిట్లో డ్రమ్ముకి తగిలించుకున్న వస్తువు రోడ్డు మీద లేనందుకు పోయింది. పోయినేడాది కోతలంతా దాని పక్కన పీట వేసుకుని మీట నొక్కుతూ కూర్చున్నాను నేను. గింజలు పాడైపోకూడదని! మంచి గింజలే వచ్చాయి. చాలా మంచి గింజలు. ఆ ఏడుపు నేనెక్కడ పెట్టుకోవాలి, చెప్పవే? నువ్వు చెప్పు లీన్ నాన్నా, అన్నీ కనిపెడతావుగా!"

బ్లువె మామ జాడీ అంచు చూస్తూ కూర్చున్నాడు.

ధువాన్ సంచీలోంచి పెట్టె తీశాడు. అన్నం డబ్బా అంత ఉంటుంది. ఒక పక్క మీట, పైన చిన్న దీపం. దాన్ని పళ్ళెం పక్కన పెట్టాడు.

"తీసుకో అత్తా. నీదే. కొంగ్‌కి రానని చెబుతాను. డ్రమ్ముకి బిగించేస్తాను."

అత్త శాంతిస్తుందనుకున్నాడు పాపం. ఆమె ఆ పెట్టె వంక చూసి, అతని వంక చూసి, ఒక్కసారిగా మండిపడింది.

"అంతేనా? నాలుగు అరుపులు అరిస్తే అంతేనా నీ పట్టుదల? నా కూతురి కోసం కూడలిలో పెడతానని ఊరంతా చెప్పుకున్నావే!"

"నువ్వే కదత్తా..."

"నేనేదో అంటాను! నా కడుపు మండి నేను వెయ్యి అంటాను. నువ్వు వదిలేస్తావా?"

వెళ్తానంటే తంటా, మానేస్తానంటే ఇంకా పెద్ద తంటా. ధువాన్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బియాకి ఆ గడియలో నవ్వు వచ్చింది. నవ్వితే ఏడుపు కూడా వస్తుందని పళ్ళు బిగబట్టింది.

మ్రాక్ వంగి కడియాలు గుడ్డలో చుట్టి, మూట మొలలో దోపుకుంది. పెట్టె తీసి చంకన పెట్టుకుంది.

"నేనూ వస్తాను."

"ఎక్కడికక్కా?" అన్నాడు మామ.

"నా చెవి ఎక్కడికి పోతే నేనూ అక్కడికే. వినండి ఇద్దరూ. ఆ కూడలిలో ఆ బండి మోతకి దీపం పచ్చగా వెలిగిందా, ఈ కడియాలు కరిగించి గంట చేయించుకుంటాను. చాప మడతపెట్టింది నేనే అవుతాను. వద్దన్న మాట ఎవరి మీదా పడదు. ఎవరి దారి వాళ్ళది, పిల్ల ఇద్దరి దగ్గరా ఉంటుంది. వెలగలేదా, ఆ రోడ్డు మీదే, ఆ గీత మీదే ఇద్దరూ తొడుక్కుంటారు. ఒక్క ముక్క మాట్లాడకుండా. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాను," అంది బియా, బావ నోరు తెరిచేలోపే. వెలుగుతుందని ఆమెకి అంత నమ్మకం.

ధువాన్ మొహంలో రంగు పోవడం ఆమె చూడలేదు.

"అక్కా, జాడీ ఇంకా అవలేదు," అన్నాడు మామ. "చాప మీంచి లేవకూడదు."

"జాడీ నువ్వు తాగు. కాదు, ముందు డ్రమ్ము దగ్గర కూర్చో. గలగలమనగానే మోటారు ఆపు."

"గలగల అంటే ఏ పాటి గలగలక్కా? నాకు ఆ చెవిలో..."

"అరవై ఏళ్ళొచ్చాయి, ఇంకెప్పుడు నేర్చుకుంటావు?" అంటూ మ్రాక్ మెట్లు దిగింది.

* * *

వాకిట్లో కాయలు మోసే ఇంజను బండి ఉంది. కంచె పొడుగునా అడవి పొద్దుతిరుగుడు పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. మ్రాక్ వెనక చెక్కల మీదికెక్కి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామ డ్రమ్ముకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లీన్ ఇంకో పక్క చెవి ఆనించి, ఆయన్ని చూసి కళ్ళు మూసుకుంది.

ధువాన్ ఇంజను దగ్గర వంగాడు గానీ హేండిలు తిప్పలేదు.

"ఏమైంది బావా?" అంది బియా.

అతను గొంతు తగ్గించాడు. "దానికి రాదు."

"దేనికి?"

"పెట్టెకి. ఆ అంబులెన్సు మోత ఎప్పుడూ వినలేదు. దానికింకా గింజల మోత ఒక్కటే తెలుసు."

బియా అతని ముందుకొచ్చి నిలబడింది. "మూడు వారాలు పోయావు కదా కూడలికి! రోజూ పోయావు, పెట్టె లాంటిదేదో పట్టుకుని..."

"పోయాను. చిన్న మైకు పట్టుకుని పోయాను. దూరంగా ఆ మోత వినపడేది. చెవులు మూసుకునేవాడిని. పక్క సందులోకి పారిపోయేవాడిని. ఒక్కరోజు కూడా నిలబడలేకపోయానే. రేపు, రేపు అనుకుంటూ ఇవాళ్టి దాకా తెచ్చాను."

"ఫోన్లో దొరుకుతాయిగా, అంబులెన్సు మోతలు?"

"అన్నీ పెట్టి చూశాను. ఆ బండి గొంతు వేరు. దాని సైరను పగిలి బొంగురుపోయింది. మామూలు మోత నేర్పితే దానికి వెలగదు. అదే కావాలి. అక్కడ ఒక్కసారే మోగిస్తానంటున్నాడు, నేర్పడానికి కాదు, చూపించడానికి."

"మరి అమ్మ పందెం వేస్తుంటే చెప్పవేం?"

"నువ్వు ఒప్పుకున్నాక ఏం చెప్పను?"

డ్రమ్ము తిరుగుతోంది. బియా కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. ఆ బొంగురు మోత ఉన్న చోటు ఇంకొకటి ఉంది. ఆమెకి తెలుసు. బావకీ తెలుసు. ఇద్దరూ ఆ పేరెత్తడం లేదు.

"ఆ రోజు బండిలోంచి నేను నీకు పంపిన వాయిస్ మెసేజి ఉందా ఇంకా?" అంది చివరికి.

"ఉంది. తెరవలేదు."

"నా ఫోన్లోనూ ఉంది."

ఉండటమే కాదు, అందులో ఏముందో బియా ఒక్కదానికే తెలుసు. కూడలి దగ్గర బండి ఆగినప్పుడు, బావా తొందరగా రా అని చెప్పడానికి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె మాట్లాడేలోపు అక్క మాట్లాడింది. వేలు వదిలేసరికి అది బావకి వెళ్ళిపోయింది. మొదట ఉత్త మోత. తర్వాత అక్క గొంతు. అక్క అడిగింది ఏమిటో ఇన్నాళ్ళూ బియా ఎవరికీ చెప్పలేదు. చెబితే కడియాలు ఎప్పుడో చేతికి ఎక్కేవి.

వినిపించకపోతే దీపం వెలగదు, కడియం తప్పదు. వినిపిస్తే దీపం వెలగొచ్చు, కానీ చచ్చిపోయిన బిడ్డ మాట విన్న తల్లి పందెం గుర్తుపెట్టుకుంటుందా?

మొదటి మోత చాలు, అనుకుంది. గొంతు వచ్చేలోపు ఆపేస్తాను.

"ఏంటి గుసగుసలు?" అని కేకేసింది మ్రాక్. "ఆ పెద్దసారు వెళ్ళిపోతే నా మీద పడతారా?"

బియా బండెక్కి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, పెట్టెకి అంబులెన్సు మోత నేర్పాలి. ఇప్పుడే. ఇంజను వేస్తే దానికింకేం వినపడదు. మోత సరిగ్గా పలికినప్పుడు మీట నొక్కాలి. నీ అంత బాగా ఎవరికీ రాదు."

"ఎక్కడిదా మోత?"

"నా దగ్గర ఉంది."

మ్రాక్ కూతురి మొహంలోకి చూసింది. అడగలేదు. బొటనవేలు మీట మీద పెట్టింది. డ్రమ్ము దగ్గర మామకి సైగ చేస్తే ఆయన మోటారు ఆపాడు. వాకిలి నిశ్శబ్దమైంది.

బియా నొక్కింది. బొంగురు మోత లేచింది. ధువాన్ ఇంజను కడ్డీ రెండు చేతులా పట్టుకుని తల వంచుకున్నాడు, చెవులు మాత్రం మూసుకోలేదు. మ్రాక్ కళ్ళు సగం మూసి, గింజల దగ్గర విన్నట్టే మెడ కొంచెం వంచింది. మీట నొక్కింది. బియా టక్కున ఆపింది.

దీపం వెలగలేదు.

"చాలదు," అంది మ్రాక్. "గింజలప్పుడు కూడా మొదట్లో చాలలేదు. మళ్ళీ."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చోట ఆపింది. దీపం వెలగలేదు.

"ఎందుకు అక్కడే ఆపుతావు? ఇంకా ఉందిగా మోత. అసలు మోత ఇప్పుడే పైకి లేస్తోంది."

"చాలమ్మా, ఇంతే..."

"నాకు చెప్పకు, మోతల గురించి. ఉండనీ."

కొంగ్ మళ్ళీ ఫోను చేస్తున్నాడు. ధువాన్ జేబులో అది వణికి వణికి ఆగిపోయింది.

బియా మళ్ళీ పెట్టింది. మోత లేచింది, పగిలింది, ఇంకా పైకి లేచింది. ఆపాల్సిన చోటు వచ్చింది. ఆమె వేలు కదిలేసరికి తల్లి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"బియా," అంది ఫోను.

జువెన్ గొంతు. నీరసంగా ఉంది గానీ స్పష్టంగా ఉంది, పొయ్యి దగ్గర నుంచి పిలిచినట్టు. డ్రమ్ము దగ్గర లీన్ కళ్ళు తెరిచింది.

"బియా, ఆయన్ని ఇల్లొదిలి పోనివ్వకు. నా చోట్లో నువ్వుండు. ఉంటావా? అమ్మకి నేను చెప్పానని చెప్పు."

మోత ఆ మాటల మీదుగా లేచి, తారస్థాయికి చేరి, తెగిపోయింది.

మ్రాక్ ఎప్పుడు నొక్కిందో ఎవరూ చూడలేదు. పెట్టె మీద దీపం పచ్చగా వెలుగుతోంది.

ధువాన్ ఆ దీపం వంక చూశాడు. బియా తల్లి వంక చూసింది. మ్రాక్ దీపాన్ని చూడటం లేదు. ఒక చెయ్యి ఇంకా కూతురి మణికట్టు మీదే ఉంది. రెండో చెయ్యి మీట వదిలి, మొలలో కడియాల మూట ఎక్కడుందో తడుముకుంటోంది.

"అమ్మా, దీపం వెలిగింది," అంది బియా. "బావా, ఇంజను వెయ్యి. అమ్మా, చూడు, వెలిగింది. పందెం..."

"మళ్ళీ పెట్టు," అంది మ్రాక్.